స్టీఫెన్ హిస్లాప్

స్టీఫెన్ హిస్లాప్ (సెప్టెంబరు 8, 1817 – సెప్టెంబరు 4, 1863) పంతొమ్మిదవ శతాబ్దంలో మధ్య భారతదేశంలో పనిచేసిన స్కాట్లండు దేశీయుడు. వృత్తిరీత్యా క్రైస్తవ మతప్రచారకుడు, ఉపాధ్యాయుడు. ప్రవృత్తిరీత్యా ప్రకృతి శాస్త్రజ్ఞుడు. దక్కను పీఠభూమిలోని నల్లరాతి పొరల నడుమ చిక్కుకొన్న నత్తగుల్లలను, ఆల్చిప్పలను సేకరించి, వర్ణించి, వాటికి శాస్త్రీయ నామాలు పెట్టినవారిలో ఇతడు ముఖ్యుడు. రాజమండ్రి సమీపంలో దొరికిన శిలాజ గుల్లలకు తొలి సమగ్ర వర్ణన ఇతనిదే. గోండుల భాషను, ఆచారాలను, గాథలను గురించి ఇతడు వ్రాసిపెట్టిన పత్రాలు మరణానంతరం 1866లో వెలువడ్డాయి. నాగపూరులోని హిస్లాప్ కళాశాల ఇతని పేరు మీదనే ఏర్పడింది.

జననం, విద్యాభ్యాసం

హిస్లాప్ స్కాట్లండు ఆగ్నేయ భాగంలోని బెరిక్‌షైరుకు చెందిన డన్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. అన్నగారైన అలెగ్జాండర్ హిస్లాప్ కూడా మతాచార్యుడే, గ్రంథకర్తగా ప్రసిద్ధుడు. స్టీఫెన్ ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాలలో చదివి, తదుపరి మతశాస్త్రం అభ్యసించాడు. 1843లో స్కాట్లండు చర్చి రెండుగా చీలినపుడు కొత్తగా ఏర్పడిన ఫ్రీ చర్చి పక్షాన నిలిచాడు. ఆ సంస్థ తరఫున 1844లో భార్య ఎరాస్మాతో కలిసి ఓడ ఎక్కి, ఆ సంవత్సరాంతానికి బొంబాయి చేరుకొన్నాడు.

నాగపూరు, కామ్ఠీ

1845 ఆరంభంలో హిస్లాప్ నాగపూరుకు చేరాడు. అప్పటికి అది భోంస్లే రాజుల రాజధాని. ఊరికి కొద్ది మైళ్ళ దూరంలో కన్హాన్ నది ఒడ్డున కామ్ఠీ సైనిక స్థావరం ఉండేది. అక్కడ ఉన్నది మద్రాసు సైన్యం. కనుక నాగపూరు మరాఠీ దేశమైనా కామ్ఠీ దండులో తెలుగు, తమిళ భాషలు నిత్యం వినిపించేవి. నాగపూరు మిషను స్థాపనకు విరాళమిచ్చిన విలియం హిల్ కూడా మద్రాసు సైన్యాధికారియే. ఆయన కోరిక గోండుల మధ్య పని జరగాలని. అంతకు కొద్దికాలం ముందు అమరకంటక ప్రాంతంలో గోండుల నడుమ పనిచేయడానికి వచ్చిన జర్మనులలో పలువురు కలరాతో మరణించారు. ఆ కారణంగా మిషను నాగపూరు పట్టణంలోనే స్థిరపడింది. అయినా గోండుల మీద హిస్లాప్‌కు కలిగిన ఆసక్తి చివరి వరకూ తగ్గలేదు.

1846లో ఇతడు నాగపూరులో పాఠశాల ప్రారంభించాడు. 1847లో రాబర్ట్ హంటర్ అనే మరొక స్కాట్లండు యువకుడు సహాయకుడుగా వచ్చాడు. మతం మార్పిడి కారణంగా పట్టణ ప్రముఖుల నుండి వ్యతిరేకత రావడం, విద్యార్థులు తగ్గడం, మళ్ళీ చేరడం ఆ పాఠశాలకు మామూలయింది. బడి పనికి, ప్రచారానికి పోగా మిగిలిన ఉదయాలు, సాయంకాలాలు ఈ ఇద్దరూ నాగపూరు చుట్టూ ఉన్న గుట్టలమీద గడిపేవారు. ఇద్దరికీ భూగర్భశాస్త్రంలో వృత్తి శిక్షణ లేదు.

1857 జూన్ నెలలో నాగపూరులో తిరుగుబాటు జరుగనున్నదన్న సమాచారం పరిచయస్థుడైన ఒక ముస్లిం ద్వారా హిస్లాప్‌కు ముందుగా తెలిసింది. దానిని ఇతడు అధికారులకు చేరవేశాడు. ఆంగ్లేయ రచయితలు ఈ సంఘటనను ఘనంగా వ్రాశారు. తిరుగుబాటుకు సిద్ధపడినవారి దృష్టిలో అది వేరుగా కనిపిస్తుందని వేరే చెప్పనవసరం లేదు. 1854లో నాగపూరు రాజ్యం కంపెనీ పాలనలో కలిసిన తరువాత అక్కడి పరిపాలన లోపాలను ఇతడు పత్రికలలో నిర్మొహమాటంగా విమర్శించాడు. 1861లో మధ్య పరగణాలు ఏర్పడడానికి దారితీసిన చర్చలో ఈ విమర్శలకు కూడా పాలు ఉంది.

నల్లరాతి నడుమ గుల్లలు

నాగపూరు పట్టణం మధ్యనున్న సీతాబర్డీ గుట్ట, పడమటనున్న తేలంఖేడీ చెరువు పరిసరాలు, వాయవ్యంగా ఉన్న టాకిలీ గ్రామం – ఈ మూడూ దక్కను లావా ప్రాంతపు తూర్పు అంచున ఉన్నాయి. ఇక్కడ పైన ఒక నల్లరాతి పొర, కింద మరొక నల్లరాతి పొర, వాటి మధ్య కొద్ది అడుగుల మందం గల మట్టి, చెకుముకి, సున్నపురాతి పొర కనిపిస్తాయి. ఈ నడిమి పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంటర్‌ట్రాపియన్ పొరలు అంటారు. హిస్లాప్, హంటర్లు వీటిలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు, చేపల పొలుసులు, కీటకాల రెక్కల తొడుగులు, పండ్లు, గింజలు, కాండపు ముక్కలు వందలకొలదిగా ఏరారు.

ఇటువంటి గుల్లలను మొదట కనుగొన్నది వీరు కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జె.జి. మాల్కమ్‌సన్ 1830లలో హైదరాబాదు–నాగపూరు దారి వెంబడి నేటి నిర్మల్ ప్రాంతపు కొండలలో, ఇంకా ఉత్తరాన గుల్లలు చూశాడు. వాటిని 1840లో జేమ్స్ సోవర్బీ వర్ణించి ఫైసా ప్రిన్సెపీ, యూనియో దక్కనెన్సిస్ వంటి పేర్లు పెట్టాడు. రాజమండ్రికి ఎదురుగా, గోదావరికి పడమట ఉన్న పంగిడి గుట్టలలో గుల్లలున్న సంగతిని 1835లో ఉత్తర సర్కారులలో పర్యటించిన పి.ఎం. బెంజా అనే వైద్యుడు నమోదు చేశాడు. అంటే నిర్మల్, పంగిడి – ఈ కథలో రెండు తొలి మజిలీలూ తెలుగు నేల మీదివే. విడివిడిగా ఉన్న ఈ ఆనవాళ్ళను ఒక్కచోట చేర్చి, అవి ఎటువంటి నీటిలో బ్రతికిన ప్రాణులవో ఆలోచించినవాడు హిస్లాప్.

హిస్లాప్, హంటర్లు కలిసి వ్రాసిన నాగపూరు పరిసరాల భూగర్భ వివరణ 1855లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం పత్రికలో వెలువడింది. 1860లో అదే పత్రికలో హిస్లాప్ ఒక్కడే వ్రాసిన శిలాజ గుల్లల వ్యాసం వచ్చింది. ఇతని కీర్తికి ముఖ్యాధారం ఈ రెండవ వ్యాసమే. పేర్లు పెట్టడంలో ఇతడు ఊళ్ళను, స్నేహితులను మరువలేదు. టాకిలీ పేరు ఒక నత్తకు, తేలంఖేడీ పేరు ఒక నత్తకు వచ్చాయి. యూనియో మాల్కమ్‌సనీ, యూనియో హంటరీ ఆల్చిప్పలు. పలుడినా సాంకీయీ అనే నత్త పేరులోని సాంకీ నాగపూరులో శిలాజాలు సేకరించిన ఇంజనీరు. బెంగుళూరులోని సాంకీ చెరువు కూడా ఆయన పేరిటిదే.

గుల్లను బట్టి జీవిని తెలియడం

శిలాజంలో మిగిలేది గుల్ల మాత్రమే. మెత్తని శరీరం మిగలదు. ఖాళీ గుల్లను చూసి నీటి స్వభావం చెప్పాలంటే ఆ వర్గపు ప్రాణుల జీవనం తెలిసి ఉండాలి. హిస్లాప్ పనిని అర్థం చేసుకొనడానికి మృదులాంగుల (మొలస్కా) గురించి కొంత చెప్పుకొనడం అవసరం.

మృదులాంగులు అకశేరుకాలలో ఒక పెద్ద వర్గం. కీళ్ళకాళ్ళ జంతువుల తరువాత జాతుల సంఖ్యలో రెండవ స్థానం వీటిదే. శరీరం మెత్తగా, ఖండితం కాకుండా ఉంటుంది. కండర నిర్మితమైన పాదం, అవయవాలన్నీ ఇమిడిన అంతరాంగ రాశి, దానిని కప్పిన ప్రావారం అనే పొర – ఇవి ముఖ్య భాగాలు. ప్రావారమే సున్నపు పదార్థాన్ని స్రవించి గుల్లను కడుతుంది. ప్రాణితో పాటు గుల్ల కూడా అంచున పెరుగుతూ పోతుంది కనుక పెద్ద నత్త గుల్ల కొసన దాని పసితనపు గుల్ల అట్లాగే ఉంటుంది. ఆల్చిప్పలకు తప్ప మిగిలిన వాటిలో ఎక్కువ భాగానికి నోటిలో రాడ్యులా అనే అవయవం ఉంటుంది. సన్నని పళ్ళ వరుసలు గల నాలుక వంటి పట్టీ ఇది. ఆకురాయితో గీకినట్లు పాచిని గీకి తినడానికి పనికివస్తుంది.

ఈ వర్గంలో ముఖ్యమైన తరగతులు కొన్ని ఉన్నాయి. నత్తలు ఉదరపాదులు. జాతులలో అధిక భాగం వీటివే. రెండు చిప్పల మధ్య ఒదిగి ఉండే ఆల్చిప్పలు, ఆయిస్టర్లు ద్విపుట కర్పరులు. ఆక్టోపస్, స్క్విడ్, కటిల్ చేప, నాటిలస్ శీర్షపాదులు. చూపులోను, మెదడులోను అకశేరుకాలన్నిటిలో ఇవి మిన్న. వీపుమీద ఎనిమిది పలకలు గల కైటన్లు, ఏనుగు దంతం ఆకారపు గుల్ల గల దంతపు గుల్లలు సముద్రానికే పరిమితం. ఏకఫలకధారులు అనే మరొక తరగతి శిలాజాలలో తప్ప లేదనుకొంటూ ఉండగా 1952లో డెన్మార్కు వారి గలాథియా నౌక పసిఫిక్ లోతుల నుండి బ్రతికి ఉన్న నియోపిలినాను పైకి తీసింది. మంచినీటిలోనికి వచ్చినవి ఉదరపాదులు, ద్విపుట కర్పరులు మాత్రమే. నేలమీదికి ఎక్కినవి ఉదరపాదులు ఒక్కటే. హిస్లాప్‌కు కావలసినది కూడా ఈ భేదమే. నాగపూరు పొరలలో కైటన్లు లేవు, శీర్షపాదులు లేవు. ఉన్నవన్నీ మంచినీటి నత్తలు, మంచినీటి ఆల్చిప్పలు.

వాటిలోనూ తేడాలున్నాయి. ఫైసా, లిమ్నియా ఊపిరితిత్తి గల నత్తలు. ప్రావారపు కుహరం గోడలు రక్తనాళాలతో నిండి ఊపిరితిత్తిగా పనిచేస్తాయి. గాలికోసం నీటి ఉపరితలానికి వస్తూ ఉంటాయి కనుక లోతు తక్కువైన చెరువు అంచులు, నాచు పట్టిన మడుగులు వీటికి అనుకూలం. ఒకే ప్రాణిలో స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి. గుడ్లను జిగట ముద్దలుగా నీటిమొక్కలకు అంటిస్తాయి. గుల్ల నోటికి మూత ఉండదు. గుల్ల కొసను పైకి, నోటిని తనవైపుకు పెట్టి చూస్తే లిమ్నియా నోరు కుడివైపున, ఫైసా నోరు ఎడమవైపున ఉంటాయి. ఎడమచేతి వాటపు ఈ చుట్టు వల్లనే ఫైసా ప్రిన్సెపీని రాతిలో చూడగానే గుర్తుపట్టవచ్చు. అది చిన్న నత్త కాదు, నేటి ఫైసాలకు అనేక రెట్లు పెద్దది. ఇటీవలి శాస్త్రజ్ఞులు దీనిని ప్లాటీఫైసా అనే ప్రజాతిలోనికి మార్చారు.

పలుడినాలు (నేటి వివిపారస్ కుటుంబం) ఇందుకు భిన్నమైనవి. ఇవి మొప్పలతో శ్వాసిస్తాయి, గుల్లకు మూత ఉంటుంది, ఆడ మగ వేరు. గుడ్లు పెట్టక పిల్లలను కంటాయి. తెలుగు దేశపు చెరువులలో నేటికీ విస్తారంగా దొరికే బెల్లామియా బెంగాలెన్సిస్ ఈ కుటుంబానిదే. పిల్లలు ఆడుకొనే గుండ్రని పెద్ద నత్త – పైలా – మరొక కుటుంబానిది. దానికి మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉంటాయి. చెరువు ఎండితే మూత బిగించుకొని బురదలో నెలల తరబడి నిద్రపోతుంది.

ఇక యూనియో. పాత జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాలు చదివినవారికి ఈ పేరు పరిచితమే. నేటి చెరువులలోని లామెల్లిడెన్స్ ఆల్చిప్పకు ఇది దగ్గరి చుట్టం. దీనికి తల లేదు, రాడ్యులా లేదు. పలక వంటి మొప్పలతో నీటిని వడగట్టి సూక్ష్మజీవులను తింటుంది. చిప్పలను మూసే కండరాల గుర్తులు లోపలి వైపున మచ్చలుగా మిగిలిపోతాయి. శిలాజాలను గుర్తించడంలో ఈ మచ్చలు, కీలు దగ్గరి పళ్ళు ఎంతో ఉపకరిస్తాయి. యూనియో పిల్లలను గ్లోకిడియాలు అంటారు. అవి చేపల మొప్పలను, రెక్కలను అంటిపెట్టుకొని కొంతకాలం పరాన్నజీవులుగా గడపనిదే ఆల్చిప్పలు కాలేవు. కాబట్టి యూనియో గుల్ల దొరికిన చోట చేపలు ఉండితీరాలి. నాగపూరు పొరలలో రెండూ ఉన్నాయి.

ఈ ఆధారాలతో హిస్లాప్ చేసిన నిర్ణయం ఇది: నేడు ఎత్తైన నల్లరాతి గుట్టలున్న చోట ఒకప్పుడు లోతు తక్కువైన మంచినీటి సరస్సులు ఉండేవి. వాటిని లావా కప్పివేసింది. ఈ మాట నేటికీ నిలిచి ఉన్నది. దానికి తోడు చెప్పిన మరొక మాట నిలవలేదు. అడుగున ఉన్న నల్లరాయి పైపొర తరువాత కింది నుండి చొచ్చుకొని వచ్చిందని హిస్లాప్, హంటర్లు భావించారు. కింది లావా ముందే ప్రవహించి గట్టిపడిందని, దాని మీద ఏర్పడిన సరస్సులను మరల లావా కప్పిందని డబ్ల్యు.టి. బ్లాన్‌ఫర్డ్ 1860లలో నిరూపించాడు.

రాజమండ్రి గుల్లలు

గోదావరి తీరంలో రాజమండ్రికి ఆనుకొని ఉన్న కాతేరు వద్ద, నదికి ఆవల పంగిడి, గౌరీపట్నం వద్ద చిన్న నల్లరాతి ప్రాంతం ఉన్నది. ప్రధాన దక్కను శిలాప్రాంతానికి ఇది ఎంతో దూరం. గౌరీపట్నం వైపు ఈ రాయిని క్వారీలలో కంకర కోసం కొట్టడం అందరూ చూసినదే. ఇక్కడి సున్నపురాతి పొరలోని గుల్లలను లెఫ్టినెంట్ స్టాడర్డ్ సేకరించాడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఎలియట్ ద్వారా అవి హిస్లాప్‌కు అందాయి. 1845లో అమరావతి స్తూపం వద్ద త్రవ్వకాలు జరిపించినది ఈ ఎలియట్‌యే.

పెట్టెలు విప్పి చూస్తే ఒక్క సంగతి స్పష్టమయింది. నాగపూరు గుల్లలతో వీటికి పోలిక లేదు. ఇక్కడివి సెరిథియం, టరిటెల్లా, నాటికా, కార్డిటా వంటివి. సెరిథియం వంటి పొడవాటి నత్తలు నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి బురదమీద బ్రతుకుతాయి. కోరంగి మడ అడవులలో వీటి బంధువులను నేటికీ చూడవచ్చు. టరిటెల్లా సముద్రపు ఇసుకలో, బురదలో కూరుకొని ఉంటుంది. నాటికా మాంసాహారి. సాటి నత్తల, ఆల్చిప్పల గుల్లలకు రాడ్యులాతో గుండ్రని రంధ్రం తొలిచి లోపలి మాంసం తింటుంది. కార్డిటా సముద్రపు ఆల్చిప్ప. అంటే నాగపూరులో సరస్సులున్న చోట లావా పారింది, రాజమండ్రిలో అదే రకపు లావా సముద్రపు ఒడ్డును, నదీముఖాన్ని తాకింది. సెరిథియం స్టాడర్డీ, నాటికా స్టాడర్డీ అని రెండు నత్తలకు సేకర్త పేరు పెట్టి హిస్లాప్ ఋణం తీర్చుకొన్నాడు.

ఈ లావా ఇంత దూరం ఎట్లా వచ్చిందన్నది చాలాకాలం చర్చనీయాంశంగా ఉండినది. పశ్చిమ కనుమల వైపు నుండి ప్రాచీన నదీలోయల వెంట వేయి కిలోమీటర్లకు పైగా ప్రవహించి వచ్చి ఉండవచ్చునని 2008లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

వయసును గురించిన వివాదం

ఈ పొరలు తృతీయ మహాయుగపు ఆరంభానికి, అనగా ఇయోసిన్ తొలిదశకు చెందినవని హిస్లాప్ అభిప్రాయం. ఆ తరువాత కొందరు ఇవి అంతకు ముందరి క్రెటేషియస్ కాలానివన్నారు. 1930లలో వృక్షశిలాజ శాస్త్రజ్ఞుడు బీర్బల్ సాహ్ని, కాతేరు సున్నపురాతిలో పచ్చ శైవలాలను పరిశీలించినవారు హిస్లాప్ పక్షమే సమర్థించారు. తరువాత రేడియోధార్మిక పద్ధతులు వచ్చి, దక్కను లావాలో అధికభాగం సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందటిదని తేల్చాయి. డైనోసార్లు, అమ్మొనైట్లు అంతరించిన కాలం కూడా అదే. దానితో ఈ పొరలకు ప్రపంచ ప్రాధాన్యం వచ్చింది. చమురు సంస్థ కృష్ణా–గోదావరి లోయలో వేసిన బోర్లను, రాజమండ్రి క్వారీలను పరిశీలించిన గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ ప్రభృతులు రాజమండ్రిలోని రెండు లావా పొరల మధ్యనున్న సున్నపురాయి ఆ మహా వినాశం జరిగిన వెనువెంటనే ఏర్పడినదని 2008లో ప్రకటించారు. నాగపూరు పొరల విషయంలో హిస్లాప్ అంచనా తప్పింది, అవి క్రెటేషియస్ అంతిమ దశవే. రాజమండ్రి విషయంలో మాత్రం మహాయుగం సరిగానే చెప్పాడు. ఇయోసిన్ అనడం మాత్రం తొందరపాటు. అందుకు ఇతనిని తప్పుపట్టనవసరం లేదు. పేలియోసిన్ అనే విభాగం పేరు 1874 వరకు పుట్టనేలేదు.

ప్రాణహిత లోయ

నాగపూరుకు దక్షిణంగా చాందా మీదుగా సాగే ప్రాణహిత లోయ శిలాజాలు కూడా ఇతని దృష్టిని ఆకర్షించాయి. సిరొంచ సమీపంలోని కోట గ్రామపు సున్నపురాతిలో చేపల శిలాజాలు 1850ల ఆరంభంలోనే బయటపడ్డాయి. నేటి ఆసిఫాబాదు ప్రాంతంలోని మలేరి ఎర్రమట్టిలో దొరికిన ఊపిరితిత్తి చేపల పళ్ళకు భారత భూగర్భ సర్వేక్షణ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో సెరటోడస్ హిస్లాపియానస్, సెరటోడస్ హంటరియానస్ అని పేర్లు పెట్టాడు. మలేరి, కోట పేర్లు ఈనాడు రెండు శిలా విభాగాల పేర్లుగా స్థిరపడ్డాయి. కోట పొరల నుండి ఆదిలాబాదు అడవులలోని యామన్‌పల్లి వద్ద త్రవ్వి తీసిన కోటసారస్ డైనోసారు అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్నది. కామ్ఠీ పేరు కూడా ఇట్లాగే గోదావరి లోయ ఇసుకరాతి పొరలకు సంక్రమించింది.

గోండుల పత్రాలు

శిలాజాల కోసం, ప్రచారం కోసం తిరిగిన ఊళ్ళలోనే హిస్లాప్ గోండులను, వారి ఉపశాఖలను, కోలాములను, ఇతర తెగలను గురించి వివరాలు సేకరించాడు. గోండులు తమను తాము కోయితోర్ అని పిలుచుకొంటారని, వారి భాష తెలుగు, తమిళాల కుటుంబానికి చెందినదని పదపట్టికలతో చూపాడు. అన్నిటికంటె విలువైనది లింగో గాథ. గోండుల వంశచరిత్రలు పాడే ప్రధానుల నుండి విని దీనిని గోండీలోనే వ్రాయించి, అర్థంతో సహా భద్రపరచాడు. దేవతలు పుట్టడం, మహాదేవుడు గోండులను గుహలో బంధించడం, లింగో వారిని విడిపించి శాఖలుగా ఏర్పరచి ఆచారాలు నేర్పడం ఇందులోని కథ. ముద్రణలోనికి వచ్చిన తొలి గోండీ గాథలలో ఇది ప్రధానమైనది.

మతప్రచారకుడైన వ్యక్తి అన్యదేవతల గాథను ఓపికతో వ్రాసుకొనడం ఆశ్చర్యం కలిగించవచ్చు. గుల్లల విషయంలో ఉన్న పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది. ముందు ఉన్నది ఉన్నట్లు నమోదు చేయడం, వ్యాఖ్యానం తరువాత. అయితే ఆ వ్యాఖ్యానం పూర్తి చేయడానికి ఇతనికి వ్యవధి దొరకలేదు.

మేడారం ప్రాంతానికి ఈ పత్రాల ప్రాముఖ్యం

హిస్లాప్ పని నాగపూరు, చాందా వైపు గోండులతోనే ఎక్కువగా సాగింది. ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో కలిసిన తరువాత, నదికి దక్షిణపు అడవులలో నివసించేది కోయలు. పూర్వపు వరంగల్లు జిల్లాలోను, ప్రస్తుతం ములుగు జిల్లాలోను ఉన్న తాడ్వాయి మండలంలోని మేడారం వారికి ముఖ్య క్షేత్రం. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి సమయంలో ఇక్కడ సమ్మక్క–సారలమ్మ జాతర జరుగుతుంది. చిలకలగుట్ట నుండి సమ్మక్కను, కన్నెపల్లి నుండి సారలమ్మను తీసుకొనివచ్చి గద్దెలమీద నిలుపుతారు. కాకతీయ సైన్యంతో పోరులో జంపన్న పడిన సంపెంగ వాగు జంపన్న వాగు అయిందని గాథ. 1996లో అప్పటి ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా గుర్తించింది.

కోయ అన్న పేరు, కోయితోర్ అన్న పేరు ఒకే మూలానివి. కోయలకు కూడా పడిగెలు పట్టి తెగ చరిత్రలు పాడే డోలీలు ఉన్నారు. గోండులలో ప్రధానుల స్థానం ఎటువంటిదో ఇక్కడ డోలీల స్థానం అటువంటిది. లింగో గాథను 1866 నాటికే ఒక ప్రధాని నోట విన్నట్లుగా వ్రాసిపెట్టినవారుండడం వల్ల గోండుల గాథ ఒకటిన్నర శతాబ్దంలో ఎంత మారిందో పోల్చి చూడవచ్చు. ఆదిలాబాదు రాజగోండుల మధ్య 1940లలో పనిచేసిన హైమెన్‌డార్ఫ్‌కు ఆ అవకాశం కలిగింది. ఆయన 1948లో ప్రచురించిన గ్రంథం ఆ గోండుల పురాణాలు, కర్మకాండల గురించే. మేడారం గాథకు అంత పాత వ్రాతప్రతి ఉండి ఉంటే సమ్మక్క చరిత్రను గురించిన ఎన్నో వాదాలు ఇంత సాగి ఉండేవి కావు.

మరణం

1863 సెప్టెంబరులో మధ్య పరగణాల ఛీఫ్ కమిషనరు సర్ రిచర్డ్ టెంపుల్ నాగపూరుకు దక్షిణాన బోరీ వద్ద విడిది చేశాడు. సమీపంలోని టాకల్‌ఘాట్ వద్ద పెద్ద రాళ్ళను వలయాకారంగా నిలిపిన ప్రాచీన సమాధులున్నాయి. తెలంగాణలో రాక్షసగుళ్ళు అని పిలిచే వాటి వంటివే ఇవి. హిస్లాప్ అంతకు పూర్వమే వీటిని పరిశీలించి ఉన్నందున టెంపుల్‌కు చూపడానికి వెళ్ళాడు. సెప్టెంబరు 4న పని ముగించుకొని చీకటి పడ్డాక ఒంటరిగా గుర్రంమీద బోరీకి తిరిగివస్తూ, వానకు పొంగిన వాగు దాటబోయి మునిగిపోయాడు. రౌతు లేని గుర్రం విడిదికి చేరింది. వెదకబోయినవారికి శవం దొరికింది. మరి నాలుగు రోజులు గడిస్తే 46 ఏళ్ళు నిండేవి.

గోండుల పత్రాలు అప్పటికి చేతివ్రాతలోనే, అనేకచోట్ల అసంపూర్ణంగా ఉన్నాయి. టెంపుల్ వాటిని సేకరించి, సవరించి, 1866లో నాగపూరులో అచ్చు వేయించాడు. ఖాళీలను పూరించగలవాడు లేడు కనుక కొన్ని తెగల వివరాలు పేరుతోనే ఆగిపోయాయి. 1871లో జేమ్స్ ఫోర్సిత్ మధ్య భారత అడవులను గురించి వ్రాసిన గ్రంథంలో లింగో గాథను ఆంగ్ల పద్యంగా మలచడంతో అది మరింత మందికి చేరింది.

స్మృతులు

హిస్లాప్ పాఠశాల 1883లో కళాశాలగా ఎదిగి అతని పేరు దాల్చింది. నాగపూరులోని ప్రాచీన విద్యాసంస్థలలో అది ఒకటి. ఆకుపచ్చని ఒక రకపు కాల్సైటుకు హిస్లాపైట్ అని పేరు పెట్టారు. జార్జ్ స్మిత్ వ్రాసిన జీవితచరిత్ర 1888లో వెలువడింది.

బ్రతికి ఉన్న ఒక ప్రాణికి కూడా ఇతని పేరు ఉన్నది. మంచినీటిలో గుంపుగా పెరిగే హిస్లాపియా అనే సూక్ష్మ జీవిని 1858లో హెన్రీ కార్టర్ వర్ణించాడు. ఇది మృదులాంగి కాదు, బ్రయోజోవా వర్గానిది. చెరువులలో నీటిమొక్కల మీద, రాళ్ళ మీద, నత్తగుల్లల మీద పలుచని పొరగా పట్టి ఉంటుంది.